ముప్పై ఒక్కరి ఇంటిపేరు

తిర్జా పిన్‌గార్త్ లీడ్స్ పట్నంలోని ఆ ఆఫీసు మెట్లెక్కేసరికి పొద్దున పదయింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. చర్చికి వేసుకునే నల్లకోటు తొడుక్కుంది. చేతిలో గుడ్డసంచీ, అందులో బస్సులో తిందామని తెచ్చుకుని తినకుండా మిగిల్చిన రొట్టెముక్క. కుర్చీ చూపిస్తే, ఎవరైనా వచ్చి లేవమంటారేమోనన్నట్టు అంచున కూర్చుంది.

"మీరు దొంగల్ని పట్టుకుంటారట కదా బాబూ," అంది. "మా చర్చి పుస్తకంలోంచి ఒక కాగితం పోయింది. అది దొరక్కపోతే మైకేల్‌మస్ పండగ నాటికి నేను బీదల కొట్టం పాలవుతాను."

ఆగస్టస్ ఓల్డ్‌రాయిడ్ కళ్లజోడు సర్దుకున్నాడు. చూడ్డానికి ప్రైవేట్ డిటెక్టివ్‌లా కాదు, బళ్లో లెక్కల మాస్టారులా ఉంటాడు. పక్క బల్ల దగ్గర డోర్కాస్ లంబ్ అప్పటికే పెన్సిలు చెక్కేసింది. పదకొండేళ్లుగా ఆయన కేసులన్నీ రాసిపెడుతున్నది ఆమే. ఆయన చూపు గోడల్ని దాటిపోతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఎందుకులే అని ఆయన కూడా ఊరుకుంటాడు.

"మొదట్నుంచీ చెప్పండమ్మా. కంగారేం లేదు."

తిర్జా చెప్పింది. ఆమెది కొండల్లో థోర్స్‌బెక్ అనే ఊరు. నలభై ఏళ్లు ఒకే పొలం ఇంట్లో వెన్న చిలికింది, జున్ను చేసింది. ఇప్పుడా పొలం చేతులు మారింది. కొత్త యజమాని మర్యాదగానే చెప్పాడు, సెప్టెంబరు ఇరవై తొమ్మిదికి ఆమె ఉంటున్న గుడిసె ఖాళీ కావాలని. ఆ ఊళ్లోనే ఆరు ధర్మపు ఇళ్లున్నాయి. నూట యాభై ఏళ్ల కిందట జోబ్ పిన్‌గార్త్ అనే ఉన్ని వర్తకుడు, పెళ్లీ పిల్లలూ లేనివాడు, తన ఇంటిపేరున్న ముసలివాళ్ల కోసం కట్టించాడు. మూడో నంబరు ఇల్లు ఖాళీగా ఉంది. అయితే జోబ్ వంశంవారేనని బాప్తిస్మాల పుస్తకంతో రుజువు చూపాలి. తిర్జా అర్జీ పెట్టుకుంది. పాస్టరు గారు పుస్తకం తెరిచి చూస్తే, కావలసిన కాగితమే లేదు. ఎవరో కోసేశారు.

"పిన్‌గార్త్ అన్న పేరు నేనెప్పుడూ వినలేదే," అన్నాడు ఓల్డ్‌రాయిడ్.

"ఎలా వింటారు? దేశం మొత్తం మీద ముప్పై ఒక్కరం. మా కల్నల్ దొరగారు లెక్కపెట్టి మరీ చెప్పారు."

"ఎవరిమీదైనా అనుమానమా?"

తిర్జా సంచీ వంక చూసుకుంది. "ఒకరి మీద నింద వెయ్యకూడదు. కానీ హెప్సీ కూడా ఆ ఇల్లే అడిగింది. మాంసం కొట్టాయన పెళ్లాం, పోయిన ఏడే ఆయన పోయాడు. ఆమెకి పేరు పెళ్లితో వచ్చిందే. నా రుజువు పోతే ఇద్దరం ఒకటే, చీట్లు వేస్తామంటున్నారు. పైగా చర్చి తుడిచేది ఆమే."

*

థోర్స్‌బెక్ పాస్టరు సెప్టిమస్ హోల్‌గేట్ గారు మంచివారు. చర్చి పుస్తకాల పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టారో మాత్రం ఆయనకి ఎప్పుడూ తెలియదు. ఈసారి అది పాటల పుస్తకం కింద దొరికింది.

ఓల్డ్‌రాయిడ్ బాప్తిస్మాల పుస్తకం మీదికి వంగాడు. కాగితం మొదలు వేలెడు వెడల్పున మిగిలి ఉంది. గీత గీసినట్టు నేరుగా కోశారు. కింది కాగితం మీద కత్తిగాటు పడలేదు.

"అట్టముక్క అడ్డం పెట్టి కోశారు," అన్నాడు. "ఈ పుస్తకం ఎవరెవరి చేతుల్లోకి వస్తుంది?"

"నాకు. తుడిచేటప్పుడు హెప్సీకి. కల్నల్ గారు వంశచరిత్ర రాస్తున్నారుగా, ఆయనకి."

ఓల్డ్‌రాయిడ్ నిదానంగా ఆ పుస్తకం మొత్తం తిరగేశాడు. ప్రతి కాగితమూ రెండువైపులా నిండిపోయి ఉంది. అంచుల్లో కూడా చీమల్లాంటి అక్షరాలు.

"ఆ రోజుల్లో కాగితం దొరకడమే గగనం," అన్నారు పాస్టరు గారు. "గోరంత చోటు కూడా వదిలేవారు కాదు."

"పుస్తకానికి నకలుంటుందా?"

"ప్రతి ఏడాదీ ఒక కాపీ బిషప్ గారికి పంపేవారు. నేను యార్క్‌కి ఉత్తరం రాశాను. అవన్నీ మూటల్లో ఉన్నాయి, ఏ మూటలో ఏముందో మాకే తెలియదని జవాబిచ్చారు."

హెప్సీ వాళ్లని గుమ్మంలోనే పట్టుకుంది. చేతిలో చీపురుంది.

"నన్నే అనుకుంటున్నారు కదూ? చెప్పండి, మొహమాటం దేనికి! ఊరంతా అదే మాట. నాకు ఇల్లు కావాలి, నిజమే. మా ఆయన పోయాక కోడలు నన్ను మెట్ల కింద అరలో పడుకోబెడుతోంది. అంతమాత్రాన దేవుడి పుస్తకం కోస్తానా? నాకసలు చదువే రాదు. ఏ కాగితం కొయ్యాలో నాకెలా తెలుస్తుందండీ?"

"ఆ మాట ఊళ్లోవాళ్లకి చెప్పలేదా?" అంది డోర్కాస్.

"చదువు రాదని ఊరందరి ముందూ చెప్పుకోమంటావా తల్లీ?" అంది హెప్సీ, మొహం ఎర్రబడగా.

కల్నల్ రోలండ్ పిన్‌గార్త్ ఇంట్లో టీ వచ్చింది, అల్లం కేకు వచ్చింది. గోడ మీద సింహం బొమ్మ డాలు, దాని కింద కొమ్మలు పరిచిన వంశవృక్షం. అన్నిటికంటే పైన ఒక నార్మన్ వీరుడి పేరు, ఇంగ్లండుని గెలిచిన విలియం రాజుతో సముద్రం దాటి వచ్చినవాడట. ఏటా జూన్‌లో ముప్పై ఒక్కరూ ఆ బొమ్మ కింద నిలబడి ఫొటో దిగుతారు. కల్నల్ గారికి భార్య లేదు, పిల్లలు లేరు. ఆ ఫొటోలే ఆయన కుటుంబం.

"తిర్జా విషయం నన్ను బాధపెడుతోంది," అన్నాడాయన. "ఆ కాగితం మూడేళ్ల కిందట నేను చూశాను. ఆవిడ పూర్వీకుడు ఆమోస్ బాప్తిస్మం మొదటివైపు మూడో వరుసలో ఉంది. ఆ ధర్మపు ఇళ్లు చూసే తోటి ట్రస్టీల ముందు ఒట్టేసి చెప్పాను కూడా. మా లాయరు వినడు, కాగితమే కావాలంటాడు. పోనీ హారోగేట్‌లో గది తీసిస్తాను, అద్దె నేనే కట్టుకుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు."

"దానం వద్దందేమో," అన్నాడు ఓల్డ్‌రాయిడ్.

"హక్కుగా వస్తేనే ఉంటానంది. మొండి మనిషి."

"ఆ కాగితానికి అటువైపు ఏముందండీ?"

కల్నల్ కప్పు కింద పెట్టాడు. "అటువైపా? ఏమీ లేదు. ఖాళీ."

బయటికొచ్చాక డోర్కాస్ ఆగలేకపోయింది. "ఎంత మంచివాడో చూశారా సార్!"

"మంచివాడే," అన్నాడు ఓల్డ్‌రాయిడ్. "మీరు నాకో పని చేసిపెట్టాలి. ఈ చర్చి పుస్తకాలు ఎంత పాతవైతే అంత పాతవి తీయించండి. పిన్‌గార్త్ అన్న పేరు ఎప్పుడు, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతియ్యండి."

రెండు రోజుల తర్వాత డోర్కాస్ తుమ్ములతో తిరిగొచ్చింది. "పదిహేనువందల తొంభై ఎనిమిది నుంచి చూశాను సార్. ఐవ్‌సన్‌లు, రాథ్‌మెల్‌లు పేజీకి పదిమంది. పిన్‌గార్త్ నూట ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా లేదు! కోసేసిన కాగితం తర్వాత ఇరవై ఏళ్లకి మాత్రం ముగ్గురు మగవాళ్లు పెళ్లిళ్లకీ, సాక్షి సంతకాలకీ ఊడిపడ్డారు. ఆమోస్, జోబ్, సైలస్."

"నార్మన్ వీరుడి మనుమలు అన్నేళ్లు ఎక్కడ దాక్కున్నారంటారు?"

ఓల్డ్‌రాయిడ్ టోపీ తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ధర్మపు ఇళ్ల ముఖద్వారం దగ్గర ఆగి, జోబ్ చెక్కించిన రాయి చదివాడు. 'పేరు పిన్‌గార్త్ అయితే చాలు. ఈ గడపలో ఎవరినీ తండ్రి పేరు అడగకూడదు.' పరలోకపు తండ్రి ఒక్కడే అని దాని భావమని ఊళ్లో పాస్టర్లు తరతరాలుగా ప్రసంగాలు చేశారు. ఓల్డ్‌రాయిడ్ ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇద్దరూ యార్క్ రైలెక్కారు. బిషప్ గారి మూటలు విప్పడానికి మూడు రోజులు పట్టింది.

*

సెప్టెంబరు ఇరవై ఏడున అందరూ ధర్మపు ఇళ్ల ఉమ్మడి గదిలో కూర్చున్నారు. పాస్టరు గారు, లాయరు ఫెంటిమన్, కల్నల్, హెప్సీ, తిర్జా. తిర్జా సామాను అప్పటికే మూటలు కట్టి ఉంది. అవి ఎక్కడికి పోవాలో ఆ గదిలో తేలాలి.

"ముందు హెప్సీ గారి సంగతి," అన్నాడు ఓల్డ్‌రాయిడ్. "ఈవిడ కోయలేదు. కోసినవారు తర్వాతి కాగితానికి గాటు పడకుండా అట్ట అడ్డం పెట్టారు. పుస్తకమంటే ప్రాణం పెట్టే మనిషి చేసిన దొంగతనం ఇది."

"నేనైతే పర్రున చింపేదాన్ని!" అంది హెప్సీ గర్వంగా.

"మనమంతా తిర్జా గారికి రుజువు లేకుండా చెయ్యడానికే కోశారనుకున్నాం. కాగితానికి రెండువైపులుంటాయని మరిచిపోయాం. కల్నల్ గారూ, మొదటివైపు ఏ వరుసలో ఏముందో మీరు నిజమే చెప్పారు. అటువైపు ఖాళీ అన్నారు. ఆ పుస్తకంలో గోరంత ఖాళీ కూడా లేదు. దాచాల్సింది అటువైపుంది కాబట్టే ఖాళీ అన్నారు."

డోర్కాస్ పెన్సిలు ఆగిపోయింది. అంత మంచి మనిషా అని ఆమెకి నిజంగా బాధ వేసింది.

"యార్క్‌లో మాకు రెండు దొరికాయి," అన్నాడు ఓల్డ్‌రాయిడ్. "ఒకటి ఈ ఊరి పాత పటం. పైమిట్టలో ఇప్పుడు దురదగొండి మొలిచిన రాళ్లగోడ ఉంది చూడండి, పటంలో దాని పేరు పిన్‌గార్త్. పిన్ అంటే ఈ కొండల పాత మాటల్లో బంధించడం. గార్త్ అంటే గోడ కట్టిన దొడ్డి. తప్పిపోయిన గొర్రెల్ని, వాటివాళ్లు వచ్చేదాకా తోలి ఉంచే బందెలదొడ్డి. రెండోది బిషప్ గారి కాపీ. మూడు కరువేళ్లదీ కలిపి ఒక్కసారే పంపారు, క్లుప్తంగానే ఉంది, వినండి. 'ఆమోస్, జోబ్, సైలస్. మూడు కరువు ఏళ్లలో పిన్‌గార్త్‌లో దొరికిన ముగ్గురు బిడ్డలు. తల్లిదండ్రులు తెలియరు. దొరికిన చోటే ఇంటిపేరుగా ఇచ్చాం.'"



"అనాథ బిడ్డలకి అలా పేరు పెట్టడం వాడుకే," అన్నారు పాస్టరు గారు మెల్లగా. "అయితే వీళ్లు ఒకరికొకరు..."

"ఏమీ కారు. దేశంలో ఈ పేరు ముప్పై ఒక్కరికే ఉండడానికి కారణం అదే. వీరుడూ లేడు, వంశమూ లేదు. ఒక దొడ్డి, ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఒకడు బాగుపడి, తనలాంటివాళ్లకి గూడు కట్టి, తండ్రి పేరు అడగొద్దని రాతి మీద చెక్కించాడు. వంశం రుజువు చూపాలన్న నిబంధన జోబ్ పెట్టింది కాదు. నలభై ఏళ్ల కిందట కల్నల్ గారి నాన్నగారు పెట్టారు."

లాయరు ఫెంటిమన్ గొంతు సవరించుకున్నాడు. "జోబ్‌కి లోకంలో రక్తసంబంధీకులే లేరన్నమాట. అప్పుడా నిబంధన ఎవరికీ వర్తించదు. మిగిలింది పేరొక్కటే. ముందు అర్జీ తిర్జా గారిది."

"నాకూ పేరుందిగా!" అంది హెప్సీ.

"తర్వాత ఖాళీ అయ్యేది మీకు."

"సరే. ఆరో నంబరాయన దగ్గు నేను వింటూనే ఉన్నాలెండి."

కల్నల్ కోటు లోపలి జేబులోంచి అద్దుడు కాగితాల మధ్య పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"కాల్చడానికి చేతులు రాలేదు," అన్నాడు. "మూడేళ్ల కిందట, ఆమోస్ వరుసలో పేరొక్కటే ఉంటే ఏమీ అనుకోలేదు. కాగితం తిప్పి సైలస్ పేరు దగ్గరికొచ్చి, 'దొరికిన బిడ్డ' అన్నదాకా చదివి పుస్తకం మూసేశాను. సైలస్ మా ముత్తాతకి తాత. ఎవరూ ఆ పేజీ తెరవరులే అనుకున్నాను. తిర్జా గారు అర్జీ పెట్టగానే ఫెంటిమన్ చూస్తాడని భయపడి కోసేశాను. ఏటా జూన్‌లో వచ్చేవాళ్లకి నేనేం చెప్పను? ఎవడో పారేసిన పిల్లల సంతానమని చెప్పనా? తిర్జా గారూ, మిమ్మల్ని వీధిలో పెట్టబోయాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు." మూడో నంబరు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

తిర్జా తాళంచెవి తీసుకుని సంచీలో వేసుకుంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. "బిషప్ గారికి క్లుప్తంగా రాశారు కానీ ఇక్కడ చాలా ఉందే. మీరు చివరిదాకా చదవలేదా దొరగారూ?"

"లేదు."

ఆమె వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. "'మార్చి మూడు. సైలస్, పిన్‌గార్త్‌లో దొరికిన బిడ్డ. మంచు కురుస్తోంది. ఆడమనిషి ఉన్ని లంగాలో చుట్టి ఉన్నాడు, ఒళ్లు వెచ్చగా ఉంది, పెదాల మీద పాలు ఇంకా ఆరలేదు. కాపరి బిడ్డని ఎత్తుకున్నాక గోడ అవతల చూస్తే మంచులో ఒకచోట అడుగులు తొక్కి తొక్కి గుంటపడి ఉన్నాయి. ఎవరో చాలాసేపు అక్కడే నిలబడ్డారు.'"

తిర్జా తలెత్తింది. ఆమె కళ్లు నిండిపోయాయి. "పారెయ్యలేదు బాబూ," అంది. ఆయన్ని దొరగారూ అనకుండా పిలవడం ఆమె జన్మలో అదే మొదటిసారి. "ఎత్తుకునేవాళ్లు వచ్చేదాకా ఆ తల్లి అక్కడే ఉంది. అంత చలిలో నిలబడే ఉంది."

కల్నల్ రోలండ్ పిన్‌గార్త్ చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. కొంతసేపటికి కుర్చీ ఆమె పక్కకి జరుపుకున్నాడు.

"ఇంకొక్కసారి చదవండి," అన్నాడు.

తిర్జా మొదటినుంచీ మళ్లీ చదివింది.