ప్రేమజ్యోతి పెట్టిన పథ్యం

ఆ ఉదయం కూడా ప్రేమజ్యోతి చక్కెర లేని చాయి తెచ్చి భర్త ముందు పెట్టింది. పక్కన ఉడికిన శనగలు, క్యారట్ ముక్కలు.

"అన్నం లేదా?" అడిగాడు శాంసన్.

"సన్నబడమన్నది నువ్వే కదా. నేనొక్కదాన్నే ఎట్ల తింట? ఇంట్ల అందరికీ ఇదే."

"ఆ విందు ముచ్చట ఇంకా మర్చిపోలేదా?"

"నవ్వినోళ్లు మర్చిపోయిన్రా?"

ముడిమ్యాల చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు నాడు, "మా ఆమెకు రెండు కుర్చీలు వేయుండ్రి, ఒకటి సాలది" అన్నాడు శాంసన్. పంక్తి అంతా నవ్వింది. ప్రేమజ్యోతి పళ్లెం పట్టుకొని నిలబడిపోయింది. మర్నాటి నుంచి ఇంట్లో తెల్లన్నం, చక్కెర, వేపుళ్లు బందయ్యాయి.

పథ్యం ఆమెకు పడింది. మోకాళ్ల నొప్పి తగ్గింది, రవికెలు వదులయ్యాయి. కానీ పక్కింటి బిర్యానీ వాసనకు శాంసన్ గుటకలు మింగుతుంటే కలిగిన తృప్తి ముందు అవేవీ లెక్కకు రాలేదు.

"అమ్మా, డాడీ షుగర్ గోలీ వేసుకుంటడు. డాక్టర్‌ని అడగకుండ గిట్ల తిండి తగ్గిస్తే ఎట్ల?" అంది కూతురు ఆశా, తండ్రి మార్కెట్‌కు వెళ్లగానే.

"జర ఆకలి తెలువనీ."

ఆ మధ్యాహ్నమే చేవెళ్ల మార్కెట్‌లో టమాటా పెట్టెలు దించుతూ శాంసన్ ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడ్డాడు.

దవాఖానలో డాక్టరమ్మ గ్లూకోజ్ ఎక్కించింది. "ఈ తిండి మంచిదే. కానీ గోలీ ఎప్పటిలాగే వేసుకుంటూ అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది. ముందే మమ్మల్ని అడగాలి కదా?"

డాక్టరమ్మ వెళ్లాక ప్రేమజ్యోతి భర్త మంచం అంచున కూర్చుంది.

"ఆశా చెప్పింది. విని గూడ ఊకున్న. నీ మీద కసి తీర్చుకోవాలనుకున్న."

"తీరిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎట్ల తీరుతది? నేనన్నది అందరి ముందట కదా," అన్నాడు శాంసన్ నీరసంగా.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ అతను లేచి నిలబడ్డాడు. "దేవుడు నన్ను మళ్లీ లేపిండు, స్తోత్రం. ఇంకొక మాట. ఇక్కడ్నే మా ఆమెను నవ్వులపాలు చేసిన. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. ఈ మాట వినాలనే ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టిన ప్రేమజ్యోతి, తీరా విన్నాక తలెత్తలేకపోయింది. కన్నీళ్లు ఒళ్లోని బైబిల్ మీద రాలాయి.

ఇంటికొచ్చి అన్నం వండింది. డాక్టరమ్మ చెప్పినంత వడ్డించింది.

"మరి నీకు?"

"నాకు జొన్నరొట్టె. మోకాళ్లు మంచిగున్నయి. ఇప్పుడు నా కోసమే తింటున్న."

శాంసన్ తన కుర్చీని ఆమె పక్కకు జరుపుకున్నాడు. "ఒక ముక్క నాకూ పెట్టు."

ఆమె రొట్టె తుంచి, పప్పులో అద్ది, అతని నోటికి అందించింది.