మొదటి లైన్లో రాయాల్సిన మాట

"విలేకరి అంటే నువ్వేనాప్పా?"

పుంగనూరు బస్టాండు పక్కన జెరాక్సు అంగట్లో కూర్చున్న హరీష్ తలెత్తాడు. ఎదురుగా సైకిల్, దానికి పాల క్యాను, పక్కన ఒక అమ్మాయి. చేతిలో చుట్టిన పేపర్ కర్రలా ఉంది.

"నేనే. ఏం కావాలమ్మా?"

"హీరో మోచేతికి గీత పడిందని రాసినావు. ఏ రంగు చొక్కా ఏసుకున్నాడో రాసినావు. ఆ కారు గుద్ది మా నాయన కాలిరిగింది గదా, అది యాడ రాసినావు?"

ఆ పిల్ల పేరు రూప. చౌడేపల్లె నుంచి సైకిల్ మీద పాలు తెచ్చి ఇళ్ళకు పోసే గురప్ప కూతురు. మొన్న పొద్దున షూటింగుకు పోతూ ఒక హీరో ఆయన్ను కారుతో గుద్దాడు. మందు వాసన గుప్పుమందని గురప్ప అందరికీ చెప్పాడు. పేపర్లో మాత్రం 'మరొకరికి గాయాలు' అని రెండే ముక్కలు.

హరీష్ గబగబా తాను పంపిన వార్త కార్బన్ కాపీ తీశాడు. అన్నిటికంటే కింద గురప్ప పేరు, ఊరు, విరిగిన కాలు, మందు వాసన, అన్నీ ఉన్నాయి.

"నేను కవర్ బస్సుకిచ్చి తిరుపతిలో పేపర్ ఆఫీసుకు పంపుతా. చోటు చాలకపోతే అక్కడ కింది నుంచి కత్తిరిస్తారు."

"అది తెలిసి కూడా మా నాయన్ని కడాకు యాల పెడితివి?"

హరీష్ కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు ఇంకో పేపర్, హీరోగారి మేనేజర్ చెప్పాడంటూ, పాలవాడే తాగి అడ్డమొచ్చాడని రాసింది. నాలుగు రోజుల్లో సగం ఇళ్ళు పాలు వద్దన్నాయి. తండ్రి బదులు వస్తున్న రూప ప్రతి గడప దగ్గరా తల వంచుకుని వెనక్కి తిరిగేది.

నల్ల టీ తప్ప ఏదీ తాగని హరీష్ మాత్రం రోజూ అర లీటరు పోయించుకునేవాడు.

"ఇన్ని పాలు ఏం జేస్తావప్పా?"

"పిల్లికి పోస్తా."

"పిల్లి యాడుండాది?"

"పాలుంటే రాదా?"

రూప నవ్వు కనపడకుండా సైకిల్ బెల్లు కొట్టి వెళ్ళిపోయింది.

గురప్ప ఉన్న మదనపల్లె ఆసుపత్రికి ఇద్దరూ ఒకే బస్సెక్కారు. కిటికీకి అద్దం లేదు. వాన జల్లు కొడుతుంటే హరీష్ తన పేపర్ విప్పి ఆమెకు అడ్డం పట్టాడు.

"పోనీలే, ఇందుకన్నా పనికొచ్చింది మీ పేపర్!" అంది రూప.

మంచం మీద గురప్ప దిండు కింది నుంచి ఒక కాగితం తీశాడు. "నా రక్తం తీసి సూసినారు నాయనా. మందు లేదని రాసిచ్చినారు. ఆయప్ప మాత్రం పరీక్షకు నిలబడకుండా ఇంకో కారెక్కి బెంగుళూరు పాయె."

హరీష్ ఆసుపత్రి బెంచీ మీదే రాశాడు. మొదటి లైను: 'పాల గురప్ప తాగలేదు.' రెండోది: 'కారు నడిపిన హీరోకు ఆ పరీక్షే జరగలేదు.' కవర్ బస్సుకివ్వలేదు. తానే తిరుపతి పోయి, పేజీ పెట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.

పేపర్ వచ్చిన రోజు, అందరికంటే ముందు పాలు మానేసిన చిన్నక్క అందరికంటే ముందు గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

వారం తిరక్కుండా హరీష్‌ను కుప్పానికి మార్చేశారు.

"కుప్పంలో కూడా వానలు బాగుంటాయంట," అన్నాడు బస్సు మెట్టు మీద నిలబడి. "చలి కూడా..." బస్సు కదిలింది. ఆ ఒక్క నిమిషం ఎంత పాపిష్టిది! చెప్పాల్సిన మాట చెప్పకుండానే బస్సు మలుపు తిరిగింది.

సెల్‌ఫోన్లు లేని రోజులు. విలేకరి పేరు పేపర్లో వేసేవాళ్ళు కాదు. రూప రోజూ టీ అంగట్లో కుప్పం వార్తలు వెతికేది. ట్రాక్టర్ బోల్తా పడితే మొదట కూలీ పేరు, ఆ తర్వాతే ట్రాక్టర్ యజమాని పేరు. ఆయన రాసిందే! ఆ ముక్కలు కత్తిరించి బియ్యం డబ్బాలో దాచుకునేది.

ఎనిమిది నెలలకు గురప్ప కర్ర పట్టుకుని నడిచాడు. "బియ్యం కంటే పేపర్లే ఎక్కువైనాయి గదమ్మా. పా, కుప్పం పోదాం."

కుప్పం బస్టాండులో హరీష్ కండక్టర్‌కు వార్తల కవర్ ఇవ్వబోతూ ఆగిపోయాడు.

"రూపా! ఈడ ఏనుగులు దిగినాయి. చెరుకు తోటలన్నీ..."

"అసలు సంగతి మొదట్లో చెప్పప్పా. కడాకు పెడితే కట్ అయిపోతాది."

హరీష్ కవర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నిన్ను పెండ్లి చేసుకుంటా."

"మొదటి లైను బాగుండాది," అన్నాడు గురప్ప. "కింద ఏం రాసుకుంటారో మీ ఇష్టం."

కండక్టర్ రెండుసార్లు అరిచి రైట్ చెప్పేశాడు. కవర్ హరీష్ చేతిలోనే ఉండిపోయింది.

మరుసటి రోజు పేపర్లో కుప్పం వార్తలు లేవు.