కాలిన మూల

వచ్చినామె కుర్చీలో కూర్చుంది గాని, సంచి మాత్రం ఒళ్లోంచి దించలేదు.

"రేపే కోర్టులో విచారణండి. ముసుగువీరుడి కామిక్స్ పుట్టించింది మా నాన్నేననడానికి ఈ పుస్తకమే సాక్ష్యం. మొదటి ముద్రణలో మొదటి ఆకు మీద ఆయన పేరుంది. రెండోదాంట్లో కంపెనీ తీసేసింది. ఇప్పుడు నా దాంట్లోనూ లేదు."

డిటెక్టివ్ ఒకప్పుడు పాతకాగితాల వ్యాపారి. పుస్తకాన్ని చేత్తోనే తూచి ఆకులు తిప్పాడు. అన్నిటికీ కింది మూల కాలి ఉంది. చివరి ఆకు మూల మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ ఆయన వేలు ఆగడం పక్కనున్న సహాయకురాలు గమనించింది.

"ఈ మంటేమిటమ్మా?"

"సూపర్ హీరోలు పిల్లల్ని చెడగొడుతున్నారని బడిలో కుప్పపోసి తగలబెట్టారు. అందులోంచి లాక్కొచ్చాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

"ఈ వారం ఎవరికిచ్చారు?"

"అట్ట చిరిగితే అతికించమని బైండరుకి. అసలుదేనని రాసిమ్మని కామిక్స్ సేకరించే పెద్దాయనకి."

సహాయకురాలికి బైండరు మీదే అనుమానం. పిన్ను విప్పడం అతనికి చిటికెలో పని.

"కంపెనీవాళ్లెవరైనా వచ్చారా?" అని అతని కొట్టుకెళ్లి నిలదీసింది.

"నా కొట్టుకి ఈగలే రావు, కంపెనీలొస్తాయా తల్లీ? అట్ట అతికించా, అంతే."

పెద్దాయన చేతితొడుగులు తీయకుండానే మాట్లాడాడు. కంపెనీ పెట్టబోయే పాత కామిక్స్ ప్రదర్శనకి సలహాదారు ఆయనే. "నా దగ్గరా ఒకటుంది, రెండో ముద్రణ. ప్రాణం పోయినా పాత కాగితం పారెయ్యను."

"అయితే రేపు అదీ పట్రండి, పక్కపక్కన పెట్టి చూద్దాం," అన్నాడు డిటెక్టివ్.

మర్నాడు పొద్దున్నే, విచారణకి ముందు, ఆమె తండ్రి అయిన ముసలి చిత్రకారుడి మంచం చుట్టూ అందరూ చేరారు. డిటెక్టివ్ ఆమె పుస్తకం తెరిచాడు.

"పిన్ను కొట్టిన పుస్తకంలో మొదటి ఆకూ చివరి ఆకూ ఒకే కాగితం. ఒకటి మారిస్తే రెండోదీ మారుతుంది. దొంగ ఎవరోగాని, పేరు లేని ఆకు పెట్టి, దాని మూల కాల్చాడు. జోడీ సంగతి మరిచాడు. బైండరైతే మరవడు. పైగా ఆ కాగితం రెండో ముద్రణ ఉన్నవాడికే దొరుకుతుంది. మీ ప్రతి విప్పండి, పెద్దాయనా."

"గాలి తగలకూడదండీ."

"మా ఊపిరి బిగబట్టుకుంటాం లెండి," అన్నాడు బైండరు.

కవరు విప్పారు. లోపల మొదటి ఆకూ చివరి ఆకూ మూల కాలి ఉన్నాయి.

పెద్దాయన తల వంచుకున్నాడు. "కంపెనీవాళ్లు తగలెట్టమన్నారు. చేతులు రాలేదు."

"ఆ ముక్క నిన్ననే చెప్పారుగా. అందుకే తెమ్మన్నాను."

కూతురు సంచి కింద పెట్టి, ఆ ఆకు తండ్రి చేతికిచ్చింది. ముసలాయన కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు. పేరు జోలికి పోలేదు. బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"వీరుడి ఎడమ చెయ్యి వంకర పోయింది," అన్నాడు చివరికి. "మర్నాటికల్లా గీసివ్వాలన్నారు మరి."