తీసేసిన స్టాపు

రైళ్ళ టైంటేబుల్ తయారుచేసే విభాగానికి నేను పెద్దని. కొత్త టైంటేబుల్లో, పెనుకొండ దాటాక వచ్చే ఒక చిన్న స్టాపు తీసేశాను. ఎన్నాళ్ళుగానో అక్కడ ఒక్క టికెట్టూ అమ్ముడుపోలేదు. అయినా సాయంత్రం ప్యాసింజర్ రోజూ అక్కడే ఆలస్యమవుతోంది. కారణం కళ్ళారా చూద్దామని హిందూపురంలో ఇంజన్ ఎక్కాను.

అదే రైల్లో నా కూతురు మాధవి ఉంది. బెంగళూరు హాస్టల్ నుంచి సెలవులకి మొదటిసారి ఒంటరిగా వస్తోంది. డ్యూటీలో ఉండి బిడ్డ పక్కన కూర్చోవడం తప్పనిపించింది. "నేను ఇంజన్లో ఉంటాను. ధర్మవరం వచ్చేదాకా సీట్లోంచి కదలకు" అని ఎక్కేముందు ఫోన్లో పదేపదే చెప్పాను.

పెనుకొండ దాటింది. కొండ వెనక వెలుగు ఆరిపోతోంది. ఎక్కడో చేలల్లో గడ్డి కాలిన వాసన. డ్రైవర్ ఆదెప్ప మెల్లగా వేగం తగ్గించాడు.

"ఎందుకు తగ్గిస్తున్నావు?"

"ఆడ ఒకామె ఉంటాది మేడం. బిడ్డ కోసం కిటికీ కిటికీ ఎతుకుతాది. నిమిషం నిలిపితే చూసుకోని ఎనక్కి పోతాది."

"టికెట్ లేకుండా ప్లాట్‌ఫాం మీదుంటే ఫైన్ వేయించు."

ఆదెప్ప నవ్వలేదు. "ఎదురుచూసేదానికి టికెట్ యాడిస్తారు మేడం?"

"నిలపొద్దు. నేను చెప్తున్నా."

"మీ పాప గూడా బండిలో ఉండాదంటిరే..." అని గొణిగాడు.

 అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

హారన్ మోగింది. చీకట్లో ప్లాట్‌ఫాం అంచున ఆమె. చేతిలో దువ్వెన. ఇంజన్ వైపు చూడనేలేదు. వెనక పెట్టెల వైపే చూస్తోంది...

బండి ఆగకుండా దాటిపోయింది. తల బయటపెట్టి వెనక్కి చూశాను.

ప్లాట్‌ఫాం ఖాళీ.

ధర్మవరంలో దూకినంత పని చేసి పరిగెత్తాను. మాధవి సీట్లోనే ఉంది. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చూశాను... బిగించి వేసిన రెండు జడలు.

"జడలెవరు వేశారే?"

"నువ్వే కదమ్మా! చీకటి పడ్డాక వచ్చి వేశావు. నీ చేతులేంటమ్మా అంత చల్లగా ఉన్నాయి?"

ఆ రాత్రే స్టాపు తిరిగి పెట్టించాను.

మర్నాడు రైలు చేరగానే ఆదెప్ప ఫోన్ చేశాడు. "నిలిపినాం మేడం. శానాసేపు చూసినాం."

"ఉందా?"

"లేదు మేడం. ఆమె ఈపొద్దు రాలేదు."

నేను వంటింట్లో నిలబడిపోయాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. లోపలి గదిలోంచి మాధవి గొంతు...

"మెల్లగా దువ్వమ్మా. నొప్పి."