తేనెకొండ దారిలో పైడమ్మ

మొగలిదుర్గం కోటలో పెద్ద గోల పుట్టింది. మరుక్షణం గోల చెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. జడలభైరవుడనే మాంత్రికుడు కొలువుకు వస్తే కూర్చోమన్న నాథుడు లేడట. ఆ కోపంతో రాజు రణకేసరితో సహా కొలువు మొత్తాన్నీ కొయ్యబొమ్మలు చేసి పోయాడు. వంటశాలకు కట్టెలు వేసి, దండం పెడదామని కొలువుకు వచ్చిన సోములు కూడా కొయ్యబారాడు. నలభై ఏళ్లు కట్టెలు కొట్టినవాడు, పాపం, తానే కట్టె అయి కూర్చున్నాడు. కాదు, నిలుచున్నాడు.

సోములు కూతురు పైడమ్మకు ఒక ముని ఉపాయం చెప్పాడు. తేనెకొండ ఊటనీళ్లు చిలకరిస్తే బొమ్మలు మనుషులవుతారు. అయితే యాత్రికుల దారిన వట్టికాళ్లతో నడవాలి, పొద్దు గుంకేలోగా తిరిగి రావాలి. లేదంటే, అయ్య కొయ్యగానే ఉండిపోతాడు.

పైడమ్మ సొరబుర్ర భుజాన వేసుకుని, చేతికర్రతో తెల్లవారగానే బయలుదేరింది. కాలినడక కాస్తా కాళ్లు కాలిన నడక అయింది. వాగులో కాలుజారి మూటలోని అటుకులు చేపల పాలయ్యాయి. ఆపైన ఒక ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుని, వీపు గోకితేగాని లేవనంది. గోకింది. ఆ వీపు ఎంత విశాలమంటే, గోకడం అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

కళ్లు మూతలు పడుతుంటే దారిపక్క మండపంలో ఒక్క క్షణం నడుం వాల్చింది. అక్కడ కలిసే నాలుగు దారులూ ఒకేలా ఉంటాయి. అందుకే యాత్రికులు పడుకునేముందు చేతికర్ర మొనను వెళ్లవలసిన వైపుకు పెట్టుకుంటారు. పైడమ్మా అలాగే పెట్టుకుంది. లేచి, కర్ర చూపిన వైపే నడిచింది. ఎదురుగా అదే ఎలుగుబంటి.

"వచ్చావా తల్లీ? ఎడమపక్క కొంచెం మిగిలిపోయింది" అంటూ వీపు తిప్పింది.

పైడమ్మకు తల తిరిగింది. తిరిగిన తలతోనే వెనుదిరిగింది. మండపంలో మళ్లీ కర్ర పెట్టి, దొంగనిద్ర పోయింది. పైకప్పు మీంచి ఒక రాక్షసుడు దిగి, మునివేళ్ల మీద వచ్చి, కర్రను భక్తిగా వెనక్కి తిప్పాడు.

"ఏం తాతా, నా కర్రతో నీకేం పని?"

"తప్పుగా పెట్టుకున్నావమ్మా, సరిచేశాను. ఇల్లు అటు కదా?"

"నేను ఇంటికి పోవడంలేదు. కొండకు పోతున్నాను."

రాక్షసుడు తెల్లబోయాడు. ఆ మాట ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదట. అతన్ని చూసినవాళ్లు చెప్పేదాకా ఆగితే కదా. అతనూ ఒకప్పటి యాత్రికుడే. జంటగా ఎక్కినవాళ్లు జంటగానే దిగాలన్నది ఆ దారి కట్టుబాటు. తోడొచ్చినవాడు మాత్రం అడ్డదారిన దిగిపోయాడు. ఇతను వందేళ్లుగా అతనికోసం కాచుకుని, ఇంటిమీద బెంగతో రాక్షసుడై, కనబడిన ప్రతి కర్రనూ ఇంటివైపు తిప్పుతున్నాడు.

"అయితే నాతో ఎక్కి నాతో దిగు తాతా. నేను నీకు జత కానా?" అంది పైడమ్మ.

అతను ముందు నడుస్తూ ముళ్లు ఏరాడు, ఆమె వెనక నడిచింది. ఊటనీళ్లు నింపుకుని దిగుతుంటే, అడుగడుగునా అతను కుంచించుకుపోయి, కొండ కిందికి వచ్చేసరికి బక్కచిక్కిన ముసలాయనగా మిగిలాడు. కళ్లు తుడుచుకుని తన ఊరి దారి పట్టాడు.

కోట చేరేసరికి పొద్దు పడమటి గోడమీద ఉంది. లోపల వంద బొమ్మలు, అన్నీ ఒకటే రంగు. రాజెవరో, అయ్య ఎవరో తెలియలేదు. వెతికే వ్యవధి లేదు. పైడమ్మ కొలువు నడుమ నిలబడి సొరబుర్రను గిర్రున తిప్పింది. తన బుర్రా దాంతోపాటు తిరిగి, దబ్బున కూలబడింది. నీటి తుంపర పడ్డవాళ్లు పడ్డట్టే తుమ్ముతూ లేచారు.

సోములు కూతురి నెత్తుటి పాదాలు చూసి, తలగుడ్డ విప్పి తుడిచాడు. రణకేసరి ఆ పిల్లకు యాత్రాదారి ఏలుబడి మొత్తం రాసిచ్చి, ఇంటికి తన పల్లకీలో వెళ్లమన్నాడు.

"పల్లకీ వద్దు దొరా" అన్నాడు సోములు, కూతుర్ని భుజానికెత్తుకుంటూ. "ఇంతకన్నా బరువులు మోశాను. ఇంత చక్కనిది ఎప్పుడూ మొయ్యలేదు."