పావంగుళం తేడా

గురువారం ఉదయం 9:10. "నా టీ బల్ల పోయింది" అంటూ కార్నీలియా ట్రాస్క్ పోలీసులకు ఫోన్ చేసింది.

9:40కి న్యూహాంప్‌షైర్ స్టేట్ పోలీస్ డిటెక్టివ్ హెస్టర్ కోల్బీ ఆ ఇంట్లో అడుగుపెట్టింది. కిటికీ పక్కనే గుండ్రటి చెర్రీ చెక్క బల్ల. దాని మీద కొవ్వొత్తి కాలిన మచ్చ, ఎవరో పిల్లాడు చాకుతో గీసిన D.

"బల్ల ఇక్కడే ఉందిగా?"

"ఇది నాది కాదమ్మా! సూది పడితే వంగాను. అడుగున కొత్త చెక్క వాసన. రెండొందల యాభై ఏళ్ల బల్లకి కొత్త వాసనేంటి?" అంది ముసలావిడ.

సంగతి ఇదీ. ఆవిడ మేనల్లుడు డ్వైట్ అచ్చం అలాంటిదే ఒకటి తనకి చేయించుకున్నాడు. చేసింది ఊరి వడ్రంగి ఈనాక్ వాడ్లీ. మిషన్ జోలికి పోడు, అంతా చేతిపనే. నమూనా కోసం అసలు బల్ల మూడు నెలలు అతని షెడ్డులో ఉంది. సోమవారం డ్వైట్ రెండూ తీసుకొచ్చాడు. అత్తకొకటి, తనకొకటి.

10:30. కోల్బీ పిలిపించిన డ్వైట్, వాడ్లీ, ఒక లోకల్ ఆఫీసర్, అందరూ హాల్లో ఉన్నారు. డ్వైట్ బల్ల కూడా వచ్చింది. మచ్చా లేదు, గీతా లేదు. అద్దంలా మెరుస్తోంది.

"మచ్చలు నచ్చక అడుగు దాకా గీకించి వార్నిష్ వేయించా" అన్నాడు డ్వైట్. "నాదీ కొత్తదే, అత్తదీ కొత్తదే. మరి అసలుది ఎవరు మింగినట్టు?"

"నోరు అదుపులో పెట్టుకో! నేను చేసింది ఒక్కటే" అన్నాడు వాడ్లీ.

కోల్బీ కిటికీ పక్కనున్న బల్ల కిందికి చూసింది. "చేసిన ప్రతిదానికీ మీ పేరు ముద్ర వేస్తారటగా. ఇక్కడేదీ?"

"ఇతనే వద్దన్నాడు. అచ్చం పాతదానిలా ఉండాలన్నాడు."

"రాసుకున్నారా?"

"చేతులు కలిపాం. నలభై ఏళ్లుగా అదే నా కాగితం."

"భలే కట్టుకథ!" డ్వైట్ నవ్వాడు.

లోకల్ ఆఫీసర్ బేడీలు తీశాడు. వాడ్లీ మొహం పాలిపోయింది. దొంగ అన్న పేరొస్తే ఇక ఈ ఊళ్లో తాతల నాటి సామాను అతని చేతికెవరిస్తారు?

"ఆగండి. వాడ్లీ గారూ, మీ టేపు ఇలా ఇవ్వండి."

కోల్బీ అత్త బల్ల కొలిచింది. చెక్క చారల వెంట ముప్ఫై రెండు అంగుళాలు. అడ్డంగా ముప్ఫై రెండు.

డ్వైట్ బల్ల. చారల వెంట ముప్ఫై రెండు. అడ్డంగా ముప్ఫై ఒకటీ ముప్పావు.

"పావంగుళమేగా! చేతిపనిలో ఆ మాత్రం తేడా రాదా?" అన్నాడు డ్వైట్.

"నా చేతిలో రాదు" అన్నాడు వాడ్లీ.

"చెక్క ఏళ్లు గడిచేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా కాదు" అంది కోల్బీ. "పాత బల్ల ఏదీ గుండ్రంగా మిగలదు. మచ్చలతో సహా చేయించుకుని, నాలుగు రోజుల్లో ఎవరైనా గీకేస్తారా? డ్వైట్, అసలు బల్ల మీ దగ్గరున్నదే. అందరూ వార్నిష్ చూశారు. టేపు ఎవరూ పెట్టలేదు."

డ్వైట్ మొహం ఎర్రబడింది. "అవును! నా చిన్నతనమంతా ఆ బల్ల దగ్గరే గడిచింది. అత్తేమో మ్యూజియానికి రాసిచ్చింది!"

కార్నీలియా మెరిసే బల్ల మీద అరచేయి ఆనించి మెల్లగా తడిమింది.

"నువ్వు ఆరేళ్లప్పుడు గీసిన D ఇక్కడుండేది. దాన్ని కూడా గీకేశావు కదరా!"

ఆఫీసర్ డ్వైట్‌ను బయటికి తీసుకెళ్లాడు. ఆవిడ కిటికీ పక్కకి వెళ్లి, వాడ్లీ చెక్కిన D మీద వేలు పెట్టింది.

"మిమ్మల్ని అనుమానించాను. క్షమించండి. మీ ముద్ర తెచ్చి దీనికి వెయ్యండి వాడ్లీ గారూ. మా బల్లంటూ మిగిలింది ఇక ఇదే."