మూడో ట్యాంకులో మాయమైన నీలం

మూడో షెడ్డులో చప్పుడు లేదు.

ఆరు వేల గుడ్ల కోళ్లు ఉండాల్సిన పంజరాలు. వరస వెనక వరస. అన్నీ ఖాళీ.

"పన్నెండు రోజుల్లో అన్నీ పోయాయి సార్," అన్నాడు ఫారం యజమాని. "కొక్కెర తెగులు. ఊపిరాడక, నోళ్లు తెరుచుకుని చచ్చాయి. పక్క రెండు షెడ్లలో ఒక్కటి పోలేదు. దీన్నేమంటారు?"

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. మధ్యాహ్నం 3.10.

జీపు పక్కన టీకాలు వేసే మనిషి నిలబడి ఉన్నాడు. మూడో షెడ్డు కోళ్ల రక్తంలో టీకా జాడే లేదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. టీకా అమ్ముకుని ఉత్త నీళ్లు పోశాడని యజమాని కంప్లైంట్. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే అతనికి రిమాండే.

"ఆ రోజు ఏం చేశావు? టైముతో సహా చెప్పు."

"శుక్రవారం పొద్దున నాలుగింటికి నీళ్లు ఆపించాను సార్. దాహం మీదుంటేనే మందు గబగబా తాగుతాయి. 6.30కి బకెట్లో టీకా, నీలం రంగు కలిపాను. 6.40కి ట్యాంకులో పోసి మూత పెట్టాను."

"నీలం ఎందుకు?"

"మందు ఎంతవరకు వెళ్లిందో కనబడ్డానికి. తాగిన కోడి నాలుక కూడా నీలమవుతుంది."

"నాలుకలు చూశావా?"

అతను తల దించుకున్నాడు.

"ఆ రెండు షెడ్లలో చూశాను. ఇక్కడ చూడలేదు. ఇంకో ఫారానికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయాను. ఇరవై ఏళ్లలో అదొక్కసారే సార్."

"చూస్తే నీ బండారం బయటపడేదిగా!" యజమాని విరుచుకుపడ్డాడు. "నీకంటే సోడాబండివాడు నయం. రంగైనా పోస్తాడు!"

"నోరు జారకండి. నా చేతిమీద బతికిన కోళ్లు లక్షలున్నాయి."

షెడ్డుకొకటి చొప్పున పక్కపక్కనే ఉన్న నీళ్ల ట్యాంకుల దగ్గరికి ఇన్‌స్పెక్టర్ నిచ్చెన ఎక్కి మూతలు తీశాడు. మొదటి రెండు ట్యాంకుల లోపలి గోడల మీద నీలం చార ఇంకా ఉంది. మూడో ట్యాంకు తెల్లగా మెరుస్తోంది.

కిందికి దిగి స్టోరు గది తెరిపించాడు. యజమాని వదిన నడుముకున్న గుత్తిలోంచి తాళంచెవి తీసింది. లోపల మూడు బకెట్లు. షెడ్డుకొకటి, నంబర్లతో. మూడో నంబరు బకెట్ అడుగంతా నీలమే.

ఆమె మాటిమాటికీ ఖాళీ షెడ్డు వైపు తల తిప్పుతోంది. ఎవరో పిలిచినట్టు.

"అక్కడెవరైనా ఉన్నారామ్మా?"

"లేరు బాబూ." గుత్తి మళ్లీ నడుముకి దోపుకుంది. "పగలు వినబడరు."

ఇన్‌స్పెక్టర్ కూడా ఖాళీ షెడ్డు వైపు ఓసారి చూశాడు.

4.05. నలుగురూ ట్యాంకు కింద నిలబడ్డారు.

"టీకా దాచుకుని మనల్ని మోసం చెయ్యాలనుకున్నవాడు ట్యాంకుని నీలంగానే ఉంచుతాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇతను బకెట్లో రంగు కలిపాడు. ట్యాంకులో అది మాయమైంది. అంటే ట్యాంకులో ముందే ఏదో ఉంది. నీలాన్ని మింగేది ఏది?"

టీకాల మనిషి గబుక్కున ట్యాంకు వైపు తలెత్తాడు.

"బ్లీచింగ్ పౌడర్! రంగు పోతుంది. టీకా కూడా చస్తుంది. టీకా రోజు ఆ డబ్బా ముట్టుకోకూడదని ఈ ఫారంలో అందరికీ తెలుసు సార్."

"డబ్బా ఎక్కడుంటుంది?"

"స్టోరు గదిలో."

అందరి చూపూ తాళాల గుత్తి మీద పడింది.

"మిగతా షెడ్లకి టీకా ఎప్పుడు వేశావు?"

"అదే వారం సోమవారం."

"తర్వాత వాటికేమైనా అయిందా?"

"గురువారానికి కాస్త తుమ్మాయి, చీదాయి. టీకా పట్టిందనడానికి అదే గుర్తు. నాలుగు రోజుల్లో పోతుంది."

"తుమ్ములు కాదు," అంది వదిన. "దగ్గు."

"వదినా!"

"నువ్వు వినలేదు నాయనా. మీ అన్నయ్య ఆ మూడో షెడ్డు దుమ్ములో పన్నెండేళ్లు పనిచేశారు. పోయే ముందు ఏడాదంతా నా పక్కన పడుకుని అలాగే దగ్గారు. రెండేళ్ల తర్వాత మళ్లీ అదే దగ్గు. వేల గొంతుల్లోంచి. ఈ మందే తెచ్చిపెట్టిందనుకున్నాను. దాన్ని ఆయన షెడ్డుకి రానివ్వకూడదనుకున్నాను. శుక్రవారం ఐదున్నరకి నిచ్చెనెక్కి ట్యాంకులో నాలుగు దోసిళ్ల పౌడర్ పోశాను. చంపాలని కాదు బాబూ. కాపాడాలని."

యజమాని కూలబడిపోయాడు.

"నువ్వు వెళ్లొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ టీకాల మనిషితో.

అతను కదల్లేదు.

"ఒక్క కోడి నాలుక చూసుంటే మళ్లీ టీకా వేసేవాణ్ణి," అన్నాడు. తర్వాత ఆమె దగ్గరకు నడిచాడు. "ఒక్కసారి మొదటి షెడ్డులోకి రండమ్మా. మీరే వినండి. ఆ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది."

ఆమె పంజరాల మధ్య నిలబడింది. మేత పొడుస్తున్న ముక్కుల టకటక. కోళ్ల కొక్కొక్కులు. దగ్గు లేదు. చాలాసేపు చెవి ఒగ్గి వింది.

"నిజమే," అంది. "ఇక్కడ లేరు."

బయటికొచ్చి మూడో షెడ్డు వైపు అడుగు వేసింది. యజమాని లేచి అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి వదినా?"

"అక్కడ ఆయన ఒక్కరే ఉంటారు నాయనా. ఇప్పుడు కోళ్లు కూడా తోడు లేవు."